సినిమా చూసొచ్చిన లోవమ్మ

పొద్దున్నే పాలపాకెట్లు గేటుకి తగిలించి పాలవాడు అటు వెళ్ళేలోపే, లోవమ్మ కోసం ఎవరో ఒకరు గేటు తీసుకుని వచ్చేవారు. "ఇవాళ లోవమ్మగారు ఖాళీయేనాండి?" అని అడిగేవారు. ముగ్గు వేస్తూనో, బ్యాంకుకి కట్టుకెళ్ళే చీర ఇస్త్రీ చేసుకుంటూనో సూర్యకళ పెరటివైపు చెయ్యి చూపించేది. పెరట్లో బావి పక్కన ఒంటిగది. ఆ గదిలో లోవమ్మ.

రామచంద్రపురంలో ఆ వీధికి వెళ్ళి లోవమ్మ ఎవరని అడిగితే, 'గట్టు మీద లోవమ్మ' నవల్లో లోవమ్మ అని చెబుతారు. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. ఆ నవల ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కిందట వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రాసినావిడ ద్రాక్షారామం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ ఒక్కటే రాసి పోయింది. సీరియల్ అయిపోయాక ఓ మధ్యాహ్నం నల్లగొడుగు, గుడ్డసంచీ పట్టుకుని లోవమ్మ వచ్చి, గది అద్దెకిస్తారా అని సూర్యకళ అత్తగారిని అడిగింది. అత్తగారు అప్పటికి ఆఖరి భాగం రెండోసారి చదువుతోంది. "నువ్వటే, రా" అని తాళంచెవి ఇచ్చింది. సూర్యకళ ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి బావి దగ్గర బట్టలుతుక్కుంటూ లోవమ్మ ఉంది.

నవల్లో లోవమ్మకి నలభై ఒకటి. ఇప్పటికీ నలభై ఒకటే. కొత్తకోడలుగా ఉన్నప్పుడు సూర్యకళ ఆవిణ్ణి లోవమ్మగారూ అనేది. ఈడు కలిశాక లోవమ్మా అంది. ఇప్పుడు తనకి యాభై దాటాయి, చెల్లెలి వరస పెట్టి ఏమే అనొచ్చు గానీ నోరు రాదు.

నవల కథ పెద్దదేమీ కాదు. గౌతమి పాయ మీద ఓ రేవు. మొగుడు పోయాక పడవ తనే నడుపుకుంటున్న లోవమ్మ. ఆ రేవు తన పేర రాయించుకుందామని ఊరి ప్రెసిడెంటు పెద్దమనుషుల్ని వెంటేసుకుని, కాగితం పట్టుకుని ఆవిడ ఇంటికి వస్తాడు. లోవమ్మ వాళ్ళకి పీటలేస్తుంది. కాళ్ళకి నీళ్ళిస్తుంది. "వేలిముద్ర వెయ్యనండి. ఎండవేళ వచ్చారు, భోజనం చేసి వెళ్ళండి" అంటుంది. అరవదు, ఏడవదు, కారణం చెప్పదు. వాళ్ళు తినేసి వెళ్ళిపోతారు. ఆ ఒక్క పేజీ కోసం అటు అమలాపురం నుంచి ఇటు పెనుగొండ దాకా ఆడవాళ్ళు అట్టలూడిపోయేలా ఆ నవల చదివారు. కాదని చెప్పడానికి గొంతు చించుకోనక్కర్లేదనీ, 'అండి' పెట్టి కూడా చెప్పొచ్చనీ వాళ్ళకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అందుకని ఎక్కడైనా కాదని చెప్పాల్సి వస్తే లోవమ్మని తోడు తీసుకెళ్ళడం ఆ ఊళ్ళో అలవాటైపోయింది. అరువడిగిన నగ ఇవ్వనని ఆడపడుచుకి చెప్పాలన్నా, ఇంక పిల్లలు వద్దని అత్తగారికి చెప్పాలన్నా లోవమ్మ వెళ్ళి పక్కన కూర్చునేది. అదను చూసి ఆ మాట అనేది. దానికి తిరుగు లేదు. ఎదురింటి దేవకుమారి నర్సు. ఉద్యోగం మానెయ్యమని మొగుడు పట్టుబట్టినప్పుడు లోవమ్మ చేతే చెప్పించింది. ఆయన భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సూర్యకళ మాత్రం ఎప్పుడూ లోవమ్మని అడగలేదు. కో-ఆపరేటివ్ బ్యాంకులో ఆమె కౌంటరు వెనక కూర్చుంటే మేనేజరు కూడా ఆచితూచి మాట్లాడతాడు. ఆమె నోరు పెగలనిది అన్నయ్య ఉదయభాస్కర్ దగ్గర ఒక్కచోటే. నాన్న పోయాక డిగ్రీ చదివించినవాడు ఆయన. భర్త పోయిన ఏడాదంతా చేలో పండిన కూరగాయలు సైకిలు మీద తెచ్చి, గుమ్మంలో పెట్టి, చెల్లెలి మొహం చూడలేక లోపలికి రాకుండా వెళ్ళిపోయినవాడు. అలాంటివాడికి కాదని ఎలా చెబుతుంది?

చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. కోటిపల్లి దారిలో నాన్న వదిలిపోయిన చేను సగం అన్నయ్యది, సగం సూర్యకళది. అన్నయ్య బావమరిది త్రిమూర్తులు ఆ చేనంతా కలిపి రొయ్యల చెరువు తవ్వుతాను, లీజుకివ్వమని కూర్చున్నాడు. కాలవ నుంచి నీళ్ళొచ్చే బోదె సూర్యకళ సగంలో ఉంది. ఆమె సంతకం లేకపోతే చెరువు లేదు. ఒకసారి చెరువైతే ఆ నేల మళ్ళీ చేను కాదు. చెరువులో పెట్టే ఉప్పునీళ్ళకి చుట్టుపక్కల మళ్ళు కూడా చవుడు తేలి, దుబ్బు కట్టకుండానే వరి ఎర్రబారిపోతుంది. పక్కూళ్ళో ఆ సంబరం ఆమె కళ్ళారా చూసింది.

"ఆదివారం త్రిమూర్తుల్ని తీసుకొస్తాను, ఓ సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

"అలాగే అన్నయ్యా" అంది సూర్యకళ. ఫోను పెట్టేసి తిన్నగా పెరట్లోకి వెళ్ళింది. "ఆదివారం ఎవరికీ మాటివ్వకు లోవమ్మా. నాకు పనుంది."

"ఎవరికి చెప్పాలి?"

"అన్నయ్యకి."

లోవమ్మ బట్టలు పిండడం ఆపింది. "ఇంతకాలం నన్నెప్పుడూ అడగలేదు నువ్వు."

"అవసరం రాలేదు."

"వచ్చింది. అడగలేదు" అని లోవమ్మ మళ్ళీ చీర పిండుకుంది.

అంతా సవ్యంగానే జరిగిపోయేది. ఆ శుక్రవారం సినిమా విడుదల కాకపోతే.

సినిమా తీస్తున్నారని తెలిసినప్పటి నుంచీ వీధి వీధంతా ఎదురుచూస్తోంది. మన లోవమ్మ సినిమా అన్నారు. మ్యాట్నీకి రెండు ఆటోల్లో వెళ్ళారు. సూర్యకళ పూటసెలవు పెట్టింది. లోవమ్మ గొడుగు పట్టుకుని ముందు ఆటోలో కూర్చుంది.

మొదటి సీన్లోనే తేడా తెలిసిపోయింది. "ఇదేం గోదారండీ, పచ్చగా పాచి పట్టినట్టుంది?" అంది దేవకుమారి. కేరళలో తీశారట. కొబ్బరిచెట్లు ఎక్కడైనా కొబ్బరిచెట్లే కదా అనుకున్నారు కాబోలు. తెర మీద లోవమ్మకి పందొమ్మిదేళ్ళు. జుట్టు విరబోసుకుని పడవ నడుపుతోంది. వాన వెలిసినా, తలుపులన్నీ వేసున్న గదిలోకి వెళ్ళినా ఆ జుట్టుకి గాలి ఆగదు. గట్టు మీద నడిస్తే ఒక్కో అడుగూ కింద ఆనేలోపు మనం ఓ కునుకు తీసి లేవచ్చు. నవల్లో లేని హీరో ఒకడు ఆకాశంలోంచి హెలికాప్టర్లో దిగాడు. ప్రెసిడెంటు దగ్గర్నుంచి పడవలో మేక దాకా అందరూ మాటకి ముందొకటి, మాటకి వెనకొకటి 'ఆయ్' అంటున్నారు.

"మనం ఇన్నిసార్లు అంటామాండి?" అంది దేవకుమారి.

"ఎప్పుడో ఒకటీ అరా అంటాం. ఇలా వక్కపలుకుల్లా నమలం" అంది సూర్యకళ.

ఇంటర్వెల్ అయ్యాక ఆ పేజీ వచ్చింది. ప్రెసిడెంటు కాగితం తీశాడు. హాల్లో ఆడవాళ్ళంతా కుర్చీల్లో ముందుకి జరిగారు. కొందరి పెదవులు ఆ మాట కోసం ముందే కదిలాయి. తెర మీద లోవమ్మ జోరువానలో పరిగెత్తుకొచ్చి హీరో కాళ్ళ మీద పడింది. "ఆడదాని రేవు మగాడి పాదాల దగ్గరే ఉందండి, ఆయ్" అంది. బొటనవేలు కోసుకుని కాగితం మీద నెత్తుటిముద్ర వేసింది. వయొలిన్లు మోగాయి.

"మరి భోజనం ఏదే?" అంది వెనక వరసలో ఓ ముసలావిడ.

భోజనం లేదు. పాట ఉంది.

తిరుగు ఆటోలో ఎవరికీ ఊపిరాడలేదు. "వెయ్యను అంటేనే కదా అది నవల. వేస్తే ఇంక నవలెందుకు? ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా వేసినవాళ్ళే" అంది సూర్యకళ. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి పాటలు బాగున్నాయంటగా అన్నాడు. నువ్వు ముందు చూసి నడుపు అని నలుగురూ ఒక్కసారే అన్నారు. లోవమ్మ మాత్రం పాప్‌కార్న్ తింటూ కూర్చుంది. ఇంటర్వెల్లో కొనుక్కుంది. నవల్లో అంత పెద్ద తిరణాలకెళ్ళినా బయటి తిండి ముట్టని మనిషి, ఆ పొట్లం అడుగంటా తినేసి వేళ్ళు నాక్కుంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

తెల్లారేసరికి లోవమ్మ జుట్టు విరబోసుకుని ఉంది. ఆకు కదలని ఉక్కలో ఆవిడ జుట్టు ఒక్కటే ఎగురుతోంది. బావి దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా రావడానికి పట్టిన సేపట్లో సూర్యకళ ఇడ్లీపిండి రుబ్బడం అయిపోయింది.

"కాఫీ ఇస్తారాండి, ఆయ్" అంది లోవమ్మ.

"జుట్టు ముడేసుకో. కాఫీలో పడుతుంది."

"గాలికి నా మీద ప్రేమండి, ఆయ్."

సూర్యకళ గ్యాసు కట్టేసి ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది. మధ్యాహ్నం గ్యాసు సిలిండరు తెచ్చినవాడు మామూలు అడిగితే, ఎప్పుడూ మజ్జిగిచ్చి పంపేసే లోవమ్మ, నీళ్ళు నిండిన కళ్ళతో చేతికున్న గాజు తీసివ్వబోయింది. వాడు భయపడి సిలిండరు లోపలిదాకా మోసి మరీ పారిపోయాడు.

ఇక లాభం లేదని సూర్యకళ అత్తగారి పెట్టెలోంచి నవల తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "చదువు. నీ గురించే. రేపటికి నాకు నువ్వు కావాలి." లోవమ్మ సాయంత్రం దాకా కూర్చుని శ్రద్ధగా చదివింది. పుస్తకం మూసి కళ్ళొత్తుకుంది.

"ఎలా ఉంది?" అంది సూర్యకళ ఆశగా.

"బాగా రాశారండి. కానీ హీరో ఎక్కడా రాలేదేంటండి?"

ఆదివారం సూర్యకళ గుత్తొంకాయ, మామిడికాయ పప్పు, చారు చేసింది. వదిన రత్నమాణిక్యానికి ఇష్టమని పెరుగు ముందురోజే తోడేసింది. వండుతున్నంతసేపూ అన్నయ్యకి చెప్పాల్సిన మాట మనసులో అనుకుంటూనే ఉంది. మనసులో బాగానే వస్తోంది. స్కూటరు చప్పుడు వినగానే ఎక్కడికక్కడ ఆరిపోయింది.

ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. త్రిమూర్తులు కాగితాలు టీపాయ్ మీద పరిచాడు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి అక్కయ్యగారూ. మీరు చదవక్కర్లేదు, బావగారు చదివేశారు."

"బ్యాంకులో పనిచేసేదానికి చదవక్కర్లేదని చెప్తావేంట్రా" అంది రత్నమాణిక్యం తమ్ముడితో.

ఉదయభాస్కర్ చెల్లెలి వైపు చూడకుండా గోడమీద కేలండర్ వైపు చూస్తున్నాడు. "నీకిష్టమేగా అమ్మా" అన్నాడు.

సూర్యకళ చేతిలోకి పెన్ను ఎలా వచ్చిందో ఆమెకి తెలీదు. పెరటి గుమ్మం వైపు చూసింది. లోవమ్మ వస్తోంది. వస్తూనే ఉంది. ఆవిడ కంటే ముందు ఆవిడ గాలి వచ్చింది. కేలండర్ గోడకి కొట్టుకుంది, కాగితాలు లేచాయి, త్రిమూర్తులు వాటి మీద తన ఫోను పెట్టాడు. చివరికి లోవమ్మ హాల్లోకొచ్చి, ఒక్కసారి అందర్నీ కలయజూసి, ఉదయభాస్కర్ కాళ్ళ మీద పడింది.

"ఆడదాని చేను అన్నగారి పాదాల దగ్గరే ఉందండి, ఆయ్."

ఉదయభాస్కర్ గాభరాగా కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నాడు.

"చక్కగా చెప్పారు" అన్నాడు త్రిమూర్తులు.

"సంతకమేంటండి, నెత్తురే ఇస్తుంది చెల్లెలు" అంటూ లోవమ్మ టీపాయ్ మీద పళ్ళ పక్కనున్న చాకు కోసం చెయ్యి చాపింది.

శుక్రవారం మ్యాట్నీ నుంచి సూర్యకళ లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి మూత తన్నుకుని పైకొచ్చింది. చాకు లాగేసుకుంది.

"అది కాదు లోవమ్మా. నువ్వలా అనవు."

"ఏమంటానండి?"

"ఎన్నిసార్లు చదివాం, ఒక్క ముక్క గుర్తులేదా నీకు? ఎవరి కాళ్ళ మీదా పడవు. కూర్చోబెడతావు, నీళ్ళిస్తావు. నెత్తురూ లేదు, ఏడుపూ లేదు. లేచి నిలబడు, చూడు. వచ్చిన పెద్దమనిషి మొహంలోకి తిన్నగా చూస్తావు." ఎలా చూడాలో లోవమ్మకి తెలియడానికి సూర్యకళ అన్నయ్య మొహంలోకి తిన్నగా చూసింది. "చూసి, సంతకం పెట్టనండి, ఎండవేళ వచ్చారు, భోజనం చేసి వెళ్ళండి అంటావు. అంతే. దానికి పాట అక్కర్లేదు."

నవల్లో ఉన్నది సంతకం కాదనీ, వేలిముద్ర అనీ ఆమెకి సాయంత్రం ఎప్పుడో గుర్తొచ్చింది.

త్రిమూర్తులు ఫోను మోగింది, అతను తీసి ఆపేశాడు. ఫోను తియ్యగానే కాగితాలు గాలికి టీపాయ్ మీంచి జారి సోఫా కిందకి పోయాయి. ఎవరూ వంగలేదు.

"పెట్టవా?" అన్నాడు ఉదయభాస్కర్ మెల్లిగా.

లోవమ్మకి చెబుతున్నానన్నయ్యా, అనబోయింది సూర్యకళ. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే అనాల్సింది అనేసింది, అనగా అన్నయ్య విన్నాడు, ఇల్లు కూలలేదు. పెన్నుకి మూత పెట్టింది.

"పెట్టనన్నయ్యా."

"ఎందుకని?"

"వడ్డించెయ్యనా?"

ఉదయభాస్కర్ లేచాడు. గుమ్మం దాటి చెప్పులేసుకున్నాడు. "పద రత్నం" అన్నాడు.

"నాకాకలేస్తోందండి. మీకు కోపమైతే మీరు వెళ్ళండి" అని రత్నమాణిక్యం చెయ్యి కడుక్కోడానికి వెళ్ళింది. తమ్ముడి చెరువంటే ఆవిడకి సరదా ఉందో లేదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆయన గేటు దగ్గర, ఎండలో, స్కూటరు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సీటు కాలినట్టుంది, చెయ్యి తీసేశాడు. కాసేపటికి చెప్పులు విడిచి లోపలికొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. తలెత్తకుండా తిన్నాడు. త్రిమూర్తులు మాత్రం గుత్తొంకాయ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"చారులో ఉప్పు తక్కువైంది" అన్నాడు ఉదయభాస్కర్ చివరికి.

"పక్కనే ఉంది, వేసుకో" అంది సూర్యకళ.

ఆ సినిమా ఊళ్ళో వారం కూడా ఆడలేదు. పోతే పోయింది గానీ, పోతూ పోతూ తను తెచ్చిన గాలిని తీసుకుపోలేదు. లోవమ్మ జుట్టు ఎగురుతూనే ఉంది. బావి దగ్గర ఆరేసిన బట్టలు ఆవిడ పక్కనుంచి నడిస్తే చాలు ఆరిపోతున్నాయి, ఆ ఒక్క సుఖం తప్ప సూర్యకళకి అంతా చికాకే. ఇక ఆవిణ్ణి ఎవరూ పిలవరనుకుంది. పిలిచారు. మొదట దేవకుమారే, అలవాటు కొద్దీ. మరిది శ్యాంబాబు కారు లోనుకి హామీ ఉండమంటున్నాడని లోవమ్మని తనింటికి వెంటబెట్టుకుని వెళ్ళి, రుసరుసలాడుతూ తిరిగొచ్చింది.

"అదేం మనిషండీ? 'మరిది మాట వేదవాక్కండి, ఆయ్' అంటుంది. మేం లూథరన్ మిషన్ వాళ్ళం, మాకు వేదవాక్కేంటండి? ఒళ్ళు మండిపోయి, హామీ లేదు గీమీ లేదు, నడు శ్యాంబాబూ అని నేనే అనేశాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు. కేకుంటే తిని వెళ్ళాడు."

తర్వాత పాలకేంద్రం వీధి టైలరమ్మ తీసుకెళ్ళింది. ఆవిడా అలాగే మండిపడుతూ, అలాగే పని చేసుకుని వచ్చింది. అందరూ సూర్యకళ దగ్గరకొచ్చి లోవమ్మ మీద ఫిర్యాదు చేసేవారు, మళ్ళీ పని పడితే లోవమ్మనే అడిగేవారు. "ఆ సినిమా తీసినవాళ్ళకి దణ్ణం పెట్టాలేమోనండి" అంది దేవకుమారి ఓసారి. పెడితే నువ్వు పెట్టు, నేను మాత్రం వాళ్ళని చచ్చినా క్షమించను అంది సూర్యకళ.

సార్వా పంటకి కాలవలు వదులుతారనగా ఓ పొద్దున్న గేటు చప్పుడైంది. సూర్యకళ ముగ్గుగిన్నెతో తలెత్తి చూసేసరికి ఉదయభాస్కర్. ఆ ఆదివారం తర్వాత ఆయన రావడం అదే. స్కూటరు స్టాండు వెయ్యకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"కాఫీ తాగుతావా అన్నయ్యా?"

"వద్దు." కాసేపు ముగ్గు వైపు చూశాడు. "ఆవిడ ఖాళీయేనా?"

"ఎవరు?"

"ఆవిడే. లోవమ్మగారు." గొంతు సవరించుకున్నాడు. "త్రిమూర్తులు వదల్లేదు. నా సగంలోనే బోరేసి తవ్వుతాడట. మధ్యాహ్నం పొక్లెయిన్ తెస్తానన్నాడు. నా సగంలో ఉప్పునీళ్ళు పెడితే నీ సగం మిగులుతుందా? నాకు తెలీదా? వాడి చిన్నప్పటి నుంచీ ఏమడిగినా ఊఁ అన్నాను. వాడి ఎదురుగా నాకు నోరు రాదు."

సూర్యకళ ముగ్గు వెయ్యడం మానేసి అన్నయ్యని చూసింది. అన్నయ్యకి కూడా నోరు రాని మనిషి ఒకడున్నాడని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

"ఆవిడిప్పుడు అన్నీ తప్పే చెబుతుందన్నయ్యా. పాతలోవమ్మ కాదు."

"మొన్న విన్నానుగా. ఆవిడే కావాలి" అన్నాడు ఉదయభాస్కర్. "ఊరికే చెప్పడం నా వల్ల కాదు. ఒళ్ళు మండితే చెప్పగలనేమో."

సూర్యకళ పెరట్లోకి కేకేసింది. లోవమ్మ బయల్దేరింది. సందు మలుపు దాటింది, తులసికోట దాటింది, జుట్టు ఎగిరింది, మొహం పక్కకి తిప్పి నవ్వింది, ఇంకో అడుగు వేసింది. ఉదయభాస్కర్ వాచీ చూసుకున్నాడు. స్కూటరు స్టార్టు చేశాడు. ఆపాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. చివరికి ఆవిడొచ్చి వెనక ఎక్కి కూర్చుని, కొంగు సవరించుకుని, తియ్యగా అంది:

"బావమరిది బతక్కోరతాడండి, ఆయ్. ఆయన ఎంతడిగితే అంతా రాసిచ్చెయ్యండి."

ఉదయభాస్కర్ మెడ వెనక నుంచి ఎరుపెక్కడం సూర్యకళకి గేటు దగ్గర్నుంచి కనిపించింది.

"ఏంటమ్మా రాసిచ్చేది? చేనంటే ఏమనుకున్నావు నువ్వు?" అన్నాడాయన. స్కూటరు కదిలింది. ఇంజను మోతకి మించి ఆయన గొంతు పెరుగుతూ పోయింది. "మా నాన్న భుజాన మోసిన మట్టమ్మా అది. ఉప్పునీళ్ళు పెడితే చవుడు తేలి ఛస్తుంది, తెలుసా నీకు? ఇవ్వను. వాడికే కాదు, వాడి బాబొచ్చినా ఇవ్వను…"

వీధి చివర మలుపు తిరిగేదాకా వినిపించింది. సూర్యకళ కాసేపు గేటు పట్టుకుని నిలబడింది. బ్యాంకుకి టైమవుతోందని గుర్తొచ్చి, కూర్చుని ముగ్గు పూర్తి చేసింది.